ఏం తినలేదన్న ఆమె పేరు కొట్టేసిన

మా కాలనీ వాట్సాప్ గ్రూపుల ఇప్పటికీ నన్ను ఇన్‌స్పెక్టర్ సాబ్ అనే అంటరు. ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌గ రిటైరై ఏడేండ్లు దాటింది. అయినా మల్కాజ్‌గిరిల ఎవరికి కడుపుల గడబిడ అయినా ముందుగాల నాకే ఫోనొస్తది. మొన్న యాడనో మయోనీజ్ తిని కాలేజీ పిల్లలు దవాఖానల పడ్డరని టీవీల వచ్చింది. ఇంక చూసుకోండ్రి, గంట తిరగకముందే గ్రూపు నిండ వీడియోలు. ఈగలు, బొద్దింకలు, నల్లగైన నూనె. బయట తినుడే బందు పెడదామని ఒకరు, మేం ఏనాడో బందు పెట్టినమని ఇంకొకరు. నేను ఒక్క ముక్క రాసిన: "మరి ఇంట్ల చేతులు ఎవరు చూస్తున్నరు?" దాని కింద ఇంకో బొద్దింక వీడియో వచ్చింది. ముసలాయనకు చాదస్తం పెరిగిందనుకున్నరేమో.

పక్కింటి స్వప్నకు ఈ మధ్యనే ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ నౌకరీ వచ్చింది. స్వీటు డబ్బా పట్టుకొని వచ్చి కాళ్ళు మొక్కింది. పుస్తకాలల్ల ఉన్నది కాదు తాతా, అసలు పని ఎట్లుంటదో చెప్పమన్నది. ఫైళ్ళ సంగతి, ప్రమోషన్ల సంగతి ఆమెకు ఆఫీసే నేర్పుతది. నా కాడ చెప్పదగ్గది ఒక్కటే ఉన్నది, అది నేను చేసిన తప్పు. ఆ తప్పుతోటి ఒక మంచి వంటాయన పొయ్యి ఆరిపోయింది. నోటితోటి చెప్తే సగం మింగేస్తనేమో. అందుకే రాస్తున్న.

లక్క, కొవ్వొత్తి, ఐసు డబ్బా

మేం నౌకరీల చేరినప్పుడు మా సామాను ఇంతే: ఒక ఐసు డబ్బా, ఒక తోలు సంచి, అండ్ల సీసాలు, లక్క ముక్కలు, కొవ్వొత్తి, ఇత్తడి ముద్ర. శాంపిల్ తీసి సీసాకు గుడ్డ కట్టి, కరిగిన లక్క పోసి ముద్ర గుద్దాలె. ఆ లక్క వాసన నా చొక్కాలకు పట్టి ఉంటుండె. మా ఆవిడ అనసూయ ఇస్త్రీ చేసుకుంట, పోస్టాఫీసును పెండ్లి చేసుకున్నట్టున్నదని నవ్వేది.

పొద్దుగాల ఐదు గొట్టంగ స్కూటర్ మీద సికింద్రాబాద్ స్టేషన్ కాడికి పోతుంటి. పాల క్యాన్లోళ్ళను ఆపుడు, శాంపిల్ తీసుడు, ఆ చలిల ఇరానీ హోటల్ల చాయ్ తాగుడు. ఎనిమిదింటికి మిర్చిపొడి అంగళ్ళు, పగటికి హోటళ్ళు. అందరితోటి లొల్లి, అందరితోటి దోస్తీ. తిట్టినోడే మల్ల పిలిచి చాయ్ పోస్తుండె. ఆ దినాలు యాదికొస్తే ఇప్పటికీ పొద్దుగాల ఐదింటికే మెలకువొస్తది, లేచి యాడికి పోవాల్నో తెల్వక మంచం మీదనే కూసుంట.

అప్పుడు నాకు జెర పొగరు ఉండె, దాచుడెందుకు. పాలల్ల నీళ్ళు కలిపితే నాలుక మీద పెట్టి చెప్తుంటి. మిర్చిపొడిల ఇటుకపొడి ఉంటే వేళ్ళతోటి రాసి చెప్తుంటి. నా నాలుక, నా ముక్కు ఉండంగ ల్యాబెందుకని అందరి ముందల అంటుంటి. కల్తీ అంటే మనిషి చేసేది, అది దొరుకుతది. కానీ మనుషులను దవాఖానల పడేసే పురుగు కంటికి కానరాదు, వాసన రాదు, రుచి మారదు. అది సమజయ్యేసరికి నాకు సగం సర్వీసు అయిపోయింది.

మా పెద్దసారు సంగతి సుత చెప్పాలె. మనిషి చెడ్డోడు కాదు, కానీ పైనుంచి ఫోనొస్తే చెమటలు పట్టేటి మనిషి. ఏదన్న అయితే పొద్దుగూకేలోపు ఎవడో ఒకడి తలుపుకు తాళం పడాలె, అంతే. తాళం పడితే జనం నిమ్మళంగ పండుకుంటరని ఆయన నమ్మకం. జనం నిజంగనే పండుకుంటుండ్రి, అదే బాధ.

చేతులు చూసే మనిషి

ఖాదర్ భాయ్‌ది మారేడ్‌పల్లి ఎనుక ఒక గల్లీ. ముందు రేకుల షెడ్డు, అండ్ల నాలుగు పొయ్యిలు, ఎనుక రెండర్రల ఇల్లు. తండ్రి నుంచి వచ్చిన వంట పని. తెలుగు ఇండ్లల్ల దావత్‌లకు ఆయననే పిలుస్తుండ్రి. బగారన్నం వండితే మెతుకుకు మెతుకు అంటకపోయేది. ఆయన పోయి మూడేండ్లాయె. ఇప్పుడు ఎవరింట్ల దావత్‌కు పోయినా మొదటి ముద్ద పెట్టుకున్నంక ఆయననే తలుసుకుంట.

ఆయనకొక అలవాటు ఉండె. పొయ్యి ముట్టించే ముందు పని చేసేటోళ్ళనందరిని వరుసగ నిలబెట్టి చేతులు చూసేటోడు. ముందొకసారి, తిప్పి ఒకసారి, గోర్లు, వేళ్ళ సందులు. ఎవరికన్న కోసుకున్నా, పుండున్నా, ఆ దినం వాళ్ళు కట్టెలు మోసుడు, మంట చూసుడు, అంతే. గిన్నె ముట్టొద్దు. సొంత తమ్ముడినైనా ఇడిసిపెట్టకపోయేటోడు.

ఒకసారి నేను నవ్విన. భాయ్, గిదేందీ, పెండ్లి చూపులా అన్న. ఆయన నవ్వలే. "మంట మీద ఉన్నంతసేపు మంటనే అన్నింటిని సంపుతది సాబ్. దించినంక చెయ్యి పడితే, గప్పుడు ఎవరు సంపుతరు?" అన్నడు. మా ట్రైనింగ్ల మూడు నెలలు చెప్పింది ఆయన రెండు ముక్కలల్ల చెప్పిండు. నేను వినలే, ప్లేటుల మటన్ ముక్క మీద ఉండె నా ధ్యాస.

నేరేడ్‌మెట్ దావత్

ఎండకాలం. నేరేడ్‌మెట్‌ల ఒక ఇంట్ల పెండ్లయిన ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసిండ్రు. ఆదివారం పగటి దావత్, వంట ఖాదర్ భాయ్‌ది. ఒంటి గంటకు బంతులు షురూ అయినయి, మూడు కొట్టేసరికి వాంతులు షురూ అయినయి. పొద్దుగూకేసరికి దవాఖానల మంచాలు సాలక కింద చాపలేసిండ్రు. ఒడిబియ్యం పోసుకున్న పిల్ల సుత అండ్లనే ఉన్నది, మూడు నెలల కడుపుతోటి. ఆమె మొగడు గోడకు ఆనుకొని నిలబడి ఉండె, మాట్లాడియ్యబోతే ఏడ్చిండు.

నేను నోట్‌బుక్ పట్టుకొని మంచం మంచం తిరిగిన. ఏం తిన్నరు, ఏం తిన్నరని అడిగిన. అందరిదీ ఒక్కటే మాట: మటను, బగారన్నం, పప్పుచారు. పేర్లు రాసుకుంట పోతున్న. ఒక మూలకు యాదమ్మ అని ఒకామె, ఆ ఇంటి పక్కింటామె, చాప మీద ముడుచుకొని పండుకున్నది. "నేనేం తినలే సారూ. మల్లన్నకు ఒక్కపొద్దున్న" అన్నది. ఉపాసం ఉన్న మనిషి, పైన మండుటెండ. ఎండదెబ్బ అని పక్కకు రాసి, ఎర్రపెన్నుతోటి ఆమె పేరు కొట్టేసిన. తిననామెను లిస్టుల పెడితే మా సారు నన్నే నవ్వుతడనుకున్న.

ఆడికెల్లి దావత్ ఇంటికి పోయిన. దేగ్‌ల, అదే పెద్ద వంట గిన్నెల, మిగిలిన మటన్ శాంపిల్ తీసి ఐసు డబ్బల పెట్టిన. పిల్ల నాయనమ్మ సత్తమ్మ అరుగు మీద కూసొని ఏడుస్తున్నది. ఆమె కుడిచేతి చూపుడువేలుకు నిమ్మకాయ తొడిగి ఉన్నది. గోరుచుట్టా అమ్మా అని అడిగిన. వారం నుంచి సలుపుతున్నదట. మా ఇంట్ల సుత గదే మందని సముదాయించిన. ఆమె కండ్లు తుడుసుకొని, పొద్దటి నుంచి ఏం తిన్నవో బిడ్డా అని, కోవా బిళ్ళ ఒకటి తెచ్చి నా చేతుల పెట్టబోయింది. డ్యూటీల ఉన్నప్పుడు మేం తినం అని చెప్పి దండం పెట్టిన.

ఆ వేలు చూసిన, ఆ కోవా చూసిన. రెండూ నా కండ్ల ముందలనే ఉన్నయి. ఇంట్ల పెద్దామె చేసిన మిఠాయి మీద అనుమానం రావాలన్న ఆలోచనే నాకు లేకుండె. నా కండ్లు కిరాయి వంటాయన దేగ్ మీదనే ఉన్నయి.

తెల్లారి పెద్దసారు పిలిచిండు. పేపర్ల వచ్చింది, పైనుంచి ఫోన్లు. ల్యాబ్ రిపోర్టు వచ్చినంక చూద్దామని సన్నగ అన్న. రిపోర్టు తర్వాత, తాళం ముందు అన్నడు. నేను సంతకం పెట్టిన. ఒత్తిడి సారుది, నిజమే. కానీ చెయ్యి నాదే కద.

మారేడ్‌పల్లి గల్లీల మేం పోయేసరికే జనం జమైండ్రు. ఫోటోలోళ్ళు వచ్చిండ్రు. మేడల మీదికెల్లి ఆడోళ్ళు చూస్తున్నరు. ఖాదర్ భాయ్ షెడ్డు తలుపు తనే మూసి పక్కకు నిలబడ్డడు. నేను గుడ్డ కట్టి లక్క పోసి ముద్ర గుద్దిన. ఆయన నా దిక్కు చూసి ఒక్క మాటన్నడు. "చేతులు చూసిన సాబ్. అందరివీ చూసిన." నేను ముద్ర సంచిల ఏసుకున్న. స్కూటర్ కిక్కు కొట్టి ఎల్లిపోయిన.

ల్యాబ్ మేడం అడిగిన ప్రశ్న

నా సర్వీసుల నాకు నిజంగ గురువు ఎవరంటే మా ల్యాబ్ మేడం. సన్నటి మనిషి, గొంతు సుత సన్నదే, కానీ ఆమె ముందల నిలబడితే నాకు బడిల నిలబడ్డట్టు ఉండేది. గురువారం నాడు పిలిచింది. మటన్‌ల ఏం లేదన్నది. మల్ల నా లిస్టు తెప్పించుకొని చూసింది. ఒంటిగంటకు తిన్నోళ్ళకు మూడింటికే వాంతులా అని అడిగింది. గంత తొందరగ వచ్చిందంటే అది కడుపులకు పోయినంక పెరిగిన పురుగు కాదు, తిండిల ముందే తయారై ఉన్న విషం అన్నది. అప్పుడు ఆమె వేలు ఎర్రగీత మీద ఆగింది.

ఆమె ఏం తినలేదు మేడం, అందుకే కొట్టేసిన అన్న.

"మటన్ తిన్నోళ్ళు మటన్ తోటి ఇంకా పది తిన్నరు. ఏం తినని మనిషికి వాంతులైనయంటే ఆమె ఒక్కటే తిన్నది. నాకు అందరికన్న ముందు కావాల్సింది ఆమె కదయ్యా" అన్నది మేడం.

నాకు సిగ్గుతోటి తల దిగిపోయింది. స్కూటర్ ఏసుకొని సీదా నేరేడ్‌మెట్ పోయిన. యాదమ్మ వాకిట్ల బియ్యం చెరుగుతున్నది. ఆ దినం నోట్ల ఏమన్న పెట్టుకున్నవా అమ్మా, మంచినీళ్ళైనా సరే అని అడిగిన. ఏం లేదన్నది. మల్ల గుర్తుకు తెచ్చుకొని, గడప కాడ సత్తమ్మ కోవా బిళ్ళ నోట్ల పెట్టిందన్నది. పాలది కాబట్టి ఒక్కపొద్దుకు దోషం లేదట. "అది తినుడా సారూ? నోరు తీపి చేసుకునుడు" అన్నది.

ఇంటింటికి తిరిగి మల్ల అడిగిన. ఆ, కోవానా, అందరం తిన్నం, లోపటికి పోంగనే పెట్టిండ్రు, మీరు అడగలే కద అన్నరు. మనోళ్ళు అంతే. విస్తరి ముందల కూసొని తింటేనే తిండి. చాయ్ తిండి కాదు, పండు తిండి కాదు, ప్రసాదం తిండి కాదు, శుభమాని నోట్ల పెట్టిన మిఠాయి అసలే కాదు. అబద్ధం ఎవరూ చెప్పలే. అడుగుడు రానిది నాకే.

స్వప్నా, నా మాట జెర యాదుంచుకో బిడ్డా. ఏం తిన్నరని అడగకు. పొద్దున లేచినకాడికెల్లి నోట్లకు ఏమేం పోయిందో అడుగు. ఎన్ని గంటలకు పోయింది, ఎన్ని గంటలకు బయటికొచ్చింది అడుగు. ఏం తినలేదన్నోళ్ళ కాడ ఇంకో పావుగంట ఎక్కువ కూసో.

సత్తమ్మ ఇంట్ల ఫ్రిజ్‌ల దావత్‌కు రాని చుట్టాల కోసమని నాలుగు బిళ్ళలు దాసి ఉన్నయి. అవి తీసుకున్న. ఆమె వేలు మీది నిమ్మకాయ తీసి, దూదిపుల్లతోటి చీము తీసిన. వేలికి మందు రాయనీకి అని చెప్పిన, అదొక అబద్ధం. కోవా ఎట్ల చేసినవమ్మా అంటే మురుసుకుంట చెప్పింది. శనివారం పొద్దుగూకంగ పాలు ఇగిరిపెట్టి, చల్లారినంక నిమ్మకాయ తీసి చెయ్యి కడుక్కొని, చక్కెర ఏసి మెత్తగ పిసికి బిళ్ళలు ఒత్తిందట. రాత్రంత తాంబాలంల పెట్టి గుడ్డ కప్పిందట. మర చేసిన కోవాకు ఆ మెత్తదనం రాదన్నది.

మేడం చూపెట్టిన మైక్రోస్కోపు అద్దంల ద్రాక్షగుత్తుల లెక్క కానొచ్చినయి పురుగులు. వేలుల ఉన్నదీ కోవాల ఉన్నదీ ఒక్కటే జాతి అన్నది. ఆ ఉక్క రాత్రి అవి పెరిగి విషం కక్కినయి. పురుగు సచ్చినా ఆ విషం పోదట, మల్ల వేడి చేసినా పోదట. సత్తమ్మకు షుగరు, అందుకే ఆమె ఒక్క బిళ్ళ తినలే, ఆమెకేం కాలే.

దేవుని దయ, అందరు నాలుగు దినాలల్ల ఇండ్లకు పోయిండ్రు. కడుపుతోటున్న పిల్ల సుత మంచిగనే ఉన్నది.

ఒక్కడినే పోయి తీసిన తాళం

రిపోర్టు పట్టుకొని పెద్దసారు కాడికి పోయిన. చదివిండు, సొరుగుల పెట్టిండు. తాళం తీసెయ్, సప్పుడు చెయ్యకు అన్నడు. నేను సప్పుడు చెయ్యలే.

పగటి ఎండల, గల్లీల కుక్క సుత లేని యాళ్ళ పోయి లక్క గీకిన. మటన్‌ల ఏం లేదు భాయ్, నీ తప్పు లేదు, షురూ చేసుకో అన్న. ఖాదర్ భాయ్ తలుపు దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు.

"ఏసేటప్పుడు పది మంది ముందల ఏసిండ్రు సాబ్. తీసేటప్పుడు ఒక్కరే వచ్చిండ్రు" అన్నడు.

నేను రాలిన లక్క ముక్కలు ఏరుకొని స్కూటరెక్కిన. ఆయనను దావత్‌లకు పిలుసుడు బందైంది. మటన్‌ల విషం కలిపిన ఖాదర్ అని పేరు పడ్డది. దేగ్‌లు బోర్లేసి పెట్టి, ఒక హోటల్ల ఉల్లిగడ్డలు కోసే పనికి పోయిండని తెలిసింది. మంది చేతులు చూసిన మనిషి, ఆడ ఎవడో చెప్పిన పని చేసుకుంట ఉండె. నేను ఆ గల్లీ దిక్కు పోవాల్సొస్తే చుట్టు తిరిగి పోతుంటి.

సత్తమ్మకు సుత చెప్పలే. కొడుకు నా చేతులు పట్టుకొని, అమ్మకు తెలిస్తే గుండె ఆగుతది, చెప్పకుండ్రి అని బతిలాడిండు. సరే అన్న. పెద్ద మనిషి మీద దయ చూపెట్టిన అనుకున్న. అది దయ కాదు, పిరికితనం. ఆ దయకు ఖాదర్ భాయ్ నెల నెలా మూల్యం కడుతుండె.

షరతు

ఏడు నెలలు గడిసినంక సత్తమ్మ కొడుకు మా ఇంటికి వచ్చిండు. పిల్లకు మగపిల్లగాడు పుట్టిండు, తొట్టెల ఫంక్షన్ చేస్తున్నం, రావాలె సార్ అన్నడు. అనసూయ చాయ్ పెట్టింది. చాయ్ తాగుకుంట ఆయన, సాఫ్ సీదా వంట చేసేటోళ్ళు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి, పోయినసారి లెక్క కావద్దు అన్నడు.

నాకు కోపం నెత్తికెక్కింది. ఆయన మీద కాదు, నా మీద. పోయినసారి ఏమైందో నీకు తెల్వదా అన్న. ఆయన చాయ్ కప్పు దిక్కు చూసిండు. నేను చెప్పులేసుకొని ఆయన ఎంబడే నేరేడ్‌మెట్ పోయిన. సత్తమ్మను కూసోబెట్టి అంత చెప్పిన. వేలు, కోవా, దూదిపుల్ల, నేను ఆడిన అబద్ధం, ఖాదర్ తాళం, అన్ని. కొడుకు మధ్యల ఆపబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

శానాసేపు ఆ వేలునే చూసుకున్నది. గుండె ఆగలే. ఏడ్సుడు సుత లేదు. లేచి చీర కొంగు సదురుకొని, "ఆయన ఇల్లు యాడ?" అన్నది.

ఆటోల తీసుకపోయిన. ఖాదర్ భాయ్ అప్పుడే హోటల్ పని నుంచి వచ్చి చేతులు కడుక్కుంటున్నడు. సత్తమ్మ గల్లీలనే నిలబడి, పక్కింటోళ్ళు వింటుండంగనే అన్నది, "నాయనా, నా వేలుకు పుండైతే నీ పొయ్యి ఆరిపోయింది. నాకు ఇయ్యాల్నే తెలిసింది."

ఖాదర్ భాయ్ తువ్వాలతోటి చేతులు తుడుసుకున్నడు. నన్నైతే చూడనే లేదు. తర్వాత, వేలు ఇప్పుడు మంచిగైందా అమ్మా అని అడిగిండు. మంచిగైందన్నది. తొట్టెలకు నువ్వే వండాలె అన్నది. వస్తా కానీ ఒక షరతు అన్నడు. గడప కాడ పెట్టే మిఠాయితోటి సహా, ఆ ఇంట్ల తిండి ముట్టే ప్రతి మనిషి చేతులు తను చూస్తడట. ఇంటోళ్ళైనా సరే, ఎంత పెద్దోళ్ళైనా సరే. సత్తమ్మ సరే అన్నది.

తొట్టెల నాడు అదే వాకిలి, అదే షామియానా. దావత్ సంగతి తెలిసిన చుట్టాలు శానామంది ఖాదర్ భాయ్‌ని చూసి గుసగుస పెట్టుకున్నరు. బంతి కూసోకముందే సత్తమ్మ లేచి నిలబడి, పోయినసారి అయింది మటన్‌తోటి కాదు, నా చేతి కోవాతోటి, ఇగో ఈ వేలుతోటి అని అందరికి చూపెట్టింది. నేను లేచి, తాళం ఏసింది నేనే, తొందరపడి ఏసింది నేనే అని చెప్పిన. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టే, అయినా పట్టుకున్న.

అప్పుడు ఖాదర్ భాయ్ పొయ్యి కాడికెల్లి లేచి వచ్చిండు. అమ్మా, జెర చేతులు చూపియ్యి అన్నడు. సత్తమ్మ రెండు చేతులు చాపింది. చూపుడువేలుకు కొత్త గోరు వచ్చి ఉన్నది, కొంచెం వంకరగ. ముందొకసారి, తిప్పి ఒకసారి చూసి, గరిటె ఆమె చేతులనే పెట్టిండు. మొదటి వడ్డన నీదే అన్నడు.

మొదటి బంతిల నేను తినాలని ముందే అనుకున్న, అందరు చూడాలె కద. విస్తరి కాడికి పోతున్న. ఎనుకకెల్లి పిలిచిండు.

"సాబ్, మీవి సుత."

నేను వడ్డించేటోడిని కాదు కద అందామని నోటిదాక వచ్చింది, ఆపుకున్న. పది మంది ముందల రెండు చేతులు చాపిన. నా నౌకరీల ఎన్ని వందల వంటిండ్లు చూసినో, నా చేతులు చూపెట్టమన్నోళ్ళు అంతకు ముందు ఒక్కరూ లేరు. ఆయన తొందర లేకుంట చూసిండు. ముందు చూసిండు, తిప్పి చూసిండు, వేళ్ళ సందులు చూసిండు. ఆయన తలుపు మీద లక్క పోసిన చేతులే అవి. నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, దాసుకోలే.

"సాఫ్ ఉన్నయి సాబ్" అన్నడు. "పోయి కూసోండ్రి."